తెల్ల జెల్లకు సాక్షిని వెతుక్కుంటూ పాండిచ్చేరి

నేను చెప్పిన అబద్ధాలకు జనం ఎన్నోసార్లు టీ ఇప్పించారు. ఒకే ఒక్క నిజం చెప్పినందుకు పాండిచ్చేరి పంపించారు.

జరిగింది ఇది. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున సూళ్ళూరుపేట కాళంగి వంతెన కింద నా రాయి మీద కూర్చుని గాలం వేశాను. జెల్ల చేప పడింది. పైకి లాగితే తల నుంచి తోక దాకా తెలుపు. మీసాలు కూడా తెల్లవే. కళ్ళు మాత్రం దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే అది పక్క ముల్లు నా బొటనవేలికి దించి నీళ్ళలోకి జారిపోయింది. వేలు వాచింది. నా దగ్గర మిగిలిన సాక్ష్యం ఆ వాపు ఒక్కటే. ఏ రంగు జెల్ల కుట్టినా వేలు అట్లాగే వాస్తుంది కదా.

వంతెన పక్కన మా వెంకటేశు బావ టీ అంగడి ఉంది. మా ఆవిడకు అన్న. గాలం వేసేవాళ్ళందరికీ ఆ అంగడే కోర్టు, ఆయనే జడ్జి.

"పోయిన నెల నువ్వు చూసిన రెండు తలల పాము ఏమైంది?" అన్నాడు.

"అది అబద్ధం బావా. ఇది నిజం."

"ఆ తేడా నీకు తెలుస్తాది. మాకెట్లా తెలుస్తాది?"

బెంచీ మీదున్న వాళ్ళందరూ నవ్వారు. మామూలుగా అయితే నేనూ నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. బావ తీర్పు చెప్పాడు. పాండిచ్చేరిలో వాళ్ళ మేనమామ రాఘవులు నాయుడున్నాడు. నిక్కర్లు వేసుకునే వయసు నుంచీ అక్కడి రాళ్ళ మీద గాలం పట్టినవాడు. ఆయన చూడని చేప లేదు. తెల్ల జెల్ల ఉందని ఆయన ఒక్క మాటంటే బావ అందరి ముందూ నోరు మూసుకుంటాడు. లేదంటే నేను అందరి ముందూ నిలబడి అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి, నా రాయి బావకిచ్చేయాలి. మా వంతెన కింద ఎవరి రాయి వాళ్ళది. నాది మా నాయన కూర్చున్న రాయి. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఆలోచించి ఒప్పుకుంటానా? వెంటనే సరే అన్నాను.

పెద్దాయన మాట ఎట్లా అందాలన్నది ఇంకో తకరారు. ఉత్తరం రాయిద్దామంటే ఆయనకు తమిళం తప్ప రాయడం రాదు, బావకు తెలుగు తప్ప చదవడం రాదు. అంగడికి ఫోనుంది కాబట్టి ఫోనులోనే చెప్పాలని తేల్చారు.

తెల్లవారుజాము ప్యాసింజరు ఎక్కాను. సైకిల్ పంక్చర్ల అంగడికి తాళం వేసి, వీపున ఒక సంచి, చేతిలో గాలం కర్ర. ఎదురు సీట్లో రొయ్యల బుట్టతో ఒకాయన కూర్చున్నాడు. తడ దాటాక ఉండబట్టలేక అడిగాను.

"అన్నా, తెల్ల చేపను ఎప్పుడన్నా చూశావా?"

"ఐసులో రెండు దినాలు పెట్టు," అన్నాడాయన. "నువ్వూ తెల్లగానే అవుతావు."

చెన్నపట్నం సెంట్రల్లో దిగి, ఇడ్లీ తిని, సిటీ బస్సులో కోయంబేడు చేరాను. పాండిచ్చేరి బస్సులు రెండు దారుల్లో పోతాయి. ఈసీఆర్ అని రాసి ఉన్నదే ఎక్కండి, ఎడమ వైపు కిటికీ పట్టండి. సముద్రం కాసేపు కనపడి కాసేపు దాక్కుంటూ దారంతా తోడొస్తుంది. ఊరి పేరు పుదుచ్చేరి అని మారి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బస్సు బోర్డు మీద కొత్త పేరు, కండక్టరు నోట్లో పాత పేరు. గాలం కర్ర చూసి ఆయన అడిగాడు, పాండికి చేపలు పట్టడానికే పోతున్నావా అని. కాదు, ఒక చేప ఉందని ఒప్పించడానికి పోతున్నానన్నాను. ఆయన నా కర్రను ఇంకొంచెం లోపలికి జరిపి ముందుకెళ్ళిపోయాడు.

మూడు గంటలకు దిగాను. పెద్దాయన ఇల్లున్న నటేశన్ నగర్‌కు బస్టాండు నుంచి పెద్ద దూరం లేదు. అయినా కావాలని నేను సముద్రం వైపు వీధులు ఒకసారి తిరిగి వచ్చాను. ఆ వీధులు గీత గీసినట్టు ఉంటాయి. ఒక కొసన నిలబడితే ఇంకో కొసన సముద్రం. దారి తప్పుదామన్నా తప్పలేం. చక్రానికి చువ్వలు బిగించి బతికేవాణ్ణి, వంకర లేని పని చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

రాఘవులు నాయుడు మా ఆవిడకు మేనమామ కాబట్టి నాకూ మామే. స్పిన్నింగు మిల్లులో చేసి రిటైరయ్యాడు. నిటారు మనిషి, తెల్ల మీసం. తలుపు తీయగానే నా మొహం వదిలేసి గాలం కర్ర కొస చూశాడు.

"ఈ ముడి ఎవురు వేసినారప్పా?"

"నేనే మామా."

"రాత్రికి విప్పి మళ్ళీ వేస్తా. నువ్వు సాపాటు చెయ్యి."

కన్నమ్మత్త అన్నం పెట్టింది. వాళ్ళ తెలుగు తరతరాలుగా అక్కడిదే, తమిళం కలిసి తియ్యగా ఉంటుంది. ఇంట్లో తెలుగు చదవడం ఎవరికీ రాదు. ఎవరో పెళ్ళికి వచ్చినవాళ్ళు ఇచ్చిన తెలుగు క్యాలెండరు గోడకుంటే, అత్త నన్ను దాని ముందు నిలబెట్టి నెలంతా చదివించుకుంది. బడి మానేసిన తర్వాత నన్ను పండితుణ్ణి చేసిన ఊరు అదొక్కటే.

నేను వచ్చిన పని అప్పుడే చెప్పబోతే మామ చెయ్యెత్తాడు. "చేప మాట ఇంట్లో వద్దు. రేపు రాళ్ళ కాడ చెప్పు."

తెల్లారకముందే మామ సైకిల్ తొక్కాడు, నేను వెనక కూర్చున్నాను. చైను చప్పుడును బట్టి నూనె పెట్టి వారమైందని చెప్పాను. మామకు నచ్చింది. ఊరికి ఉత్తరాన వైతికుప్పం, బెస్తవాళ్ళ పేట. దానికి ఈ పక్కన అలలు ఒడ్డును కోయకుండా పోసిన నల్ల రాళ్ళు. గాలాలవాళ్ళంతా అక్కడే.

ఇప్పుడు చెప్పేది మాత్రం నవ్వులాట కాదు. అట్లాంటి చెయ్యిని నేను ఇంతవరకూ చూడలేదు. దారాన్ని చూపుడువేలి మీద ఆనించి మామ కళ్ళు మూసుకుంటాడు. "రొయ్యను ముక్కుతో తోస్తా ఉండాది. మడవ." లాగితే మడవ చేపే. "ఇది రాయికి తట్టుకున్న దారం, చేప కాదు." దారమే. ఎంగిలి పడిన ఎరను చూసి, ఏ చేప కొరికిందో, ఎంత సైజో చెప్తాడు. పక్కనే ఎస్టీడీ బూత్ నడిపే సెల్వరాజు, ఇంకొందరు నిలబడి ఉంటే, వాళ్ళంతా తమ ఎరలు తెచ్చి ఆయనకే చూపిస్తున్నారు. పరీక్ష పేపర్లు దిద్దించుకుంటున్నట్టు ఉంది. ఇట్లాంటి మేష్టరుంటే నేను ఎనిమిదో తరగతి కూడా చదివేవాణ్ణేమో.

ఎండ ఎక్కాక నా కథ చెప్పాను. తెలుపు, మీసాలు, ఎర్ర కళ్ళు, ముల్లు. మామ ఓపికగా విన్నాడు.

"జెల్లకు పొట్ట తెల్లగానే ఉంటాది కదప్పా. తిరగబడిన చేపను చూసుంటావు."

"కళ్ళు ఎర్రగా ఉన్నాయి మామా."

"గాలం దిగితే రత్తం రాదా?" అని సెల్వరాజు వైపు తిరిగాడు. "మన కెళుత్తి చేపనే వీళ్ళు జెల్ల అంటారు. తెల్ల కెళుత్తిని ఎవురైనా చూసినారా?"

ఎవరూ చూడలేదు. సెల్వరాజు తన తాత కూడా చూడలేదన్నాడు. తాతను నేనెక్కడ అడిగేది?

"నా ఇన్నేళ్ళలో పడలేదు," అన్నాడు మామ. "పడనిది ఉండాదని నేను ఫోనులో చెప్పలేను. నీ మీద కోపం లేదు."

నిజాయితీగా చెప్పాడు, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. మా నాయన రాయి మీద బావ కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు కళ్ళ ముందు కనపడింది.

ఆ రోజు పడినవన్నీ మామ తిరిగి సముద్రానికే ఇచ్చాడు, చిన్నవని. ఉత్త సంచితో ఇంటికొచ్చాం. స్నానం చేసి కూర్చుంటే అత్త విస్తట్లో చేపల పులుసు, వాళ్ళ మాటలో కొళంబు, వడ్డించింది. అరచేయంత ముక్కలు.

గాలం పట్టనివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా జాతికి చేప కొనడం నామర్దా. ఉత్త చేతులతో వచ్చిన రోజు కూడా ఇంట్లో చేప ఉడుకుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మగాడు అడగడు, ఆడమనిషి చెప్పదు. సూళ్ళూరుపేటలో మా ఇంట్లోనూ అంతే. ఆ సంగతి నాకు తెలుసు. కానీ పొద్దున్నుంచీ మనసు పాడై ఉంది, నోరు ఎప్పుడూ నా మాట వినదు.

"అత్తా, మనం ఏమీ తేలేదు కదా. ఈ చేప ఏడిది?"

మామ చెయ్యి విస్తట్లోనే ఆగింది. అత్త గరిటె పట్టుకుని నన్ను చూసింది, తర్వాత మామను చూసింది, తర్వాత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇన్నాళ్ళకు ఒకడు అడిగినాడబ్బా," అంది. "అంజలై తెచ్చింది. వైతికుప్పం అంజలై. ఇంకా పెరట్లోనే ఉండాది, మజ్జిగ తాగతా."

"సరి సరి," అన్నాడు మామ విస్తట్లోకి చూస్తూ.

ఎట్లాగూ తలుపు పగలగొట్టాను కదా, లోపలికి పోదామనుకున్నాను. "అత్తా, తెల్ల కెళుత్తి ఎప్పుడైనా వచ్చిందా?"

"వచ్చింది," అంది అత్త, ఉప్పు చాలిందా అంటే చాలిందన్నట్టు. "మా రెండోది పుట్టిన ఏడు ఒకటి. మొన్న తుపానుకు ముందర ఇంకోటి. వొళ్ళంతా సున్నం కొట్టినట్టు. కండ్లు కుంకంబొట్టు మాదిరి."

ఎర్ర కళ్ళ మాట నేను రాళ్ళ కాడే చెప్పాను. అత్త చెవిన పడే దారే లేదు. మామ తలెత్తాడు.

అంజలై గుమ్మంలోకి వచ్చింది. నడివయసు మనిషి, నెత్తి మీద చుట్టగుదురు ఇంకా తీయలేదు. ఆమె మాట్లాడింది తమిళమే. సూళ్ళూరుపేటలో పుట్టినోడికి అర్థం కాని తమిళం ఉండదు. వలల్లో ఎప్పుడో ఒకటి అట్లాంటిది వస్తుందట. వేలంపాటకు పెడితే రోగం చేప అని ఎవరూ ముట్టరు. అందుకని తెలిసిన ఇళ్ళకు తోలు తీసి తెస్తారు. "తోలు తీసినాక ఏ కెళుత్తి అయినా తెల్లదే కదా," అంది. కన్నమ్మక్క మాత్రం తోలు తానే తీసుకుంటుంది కాబట్టి ఇక్కడికి అట్లాగే తెచ్చిందట.

"మరి రాళ్ళ మీద వాళ్ళకెవరికీ చెప్పలేదేం?" అన్నాను.

"వాళ్ళు మా పేటలోకి అడుగు పెట్టరు కదా. కొనడానికి వచ్చారనుకుంటారని భయం."

మామ విస్తట్లో ముక్కను వేలితో పక్కకు జరిపాడు. చివరికి అత్తను అడిగాడు. "ఎట్లా ఉండింది?"

"నన్నడిగితే? రెండోసారి పెట్టించుకున్నావు."

కొళంబు బాగుంది కానీ ఆ పూట మామ మళ్ళీ పెట్టించుకోలేదు. సాయంత్రం చొక్కా వేసుకుని, "వా, పోయి ఫోను చేద్దాం," అన్నాడు. వీధి చివర సెల్వరాజు బూత్ ఉంది. మామ దాన్ని తప్పించి ఇంకో సందులోకి తిరిగాడు. "సారం పేట దాకా పోదాం. ఆడ మనల్ని ఎవురూ ఎరగరు."

నాకు అర్థమైంది. తెల్ల చేప ఉందని చెప్తే, ఎక్కడ చూశావంటారు. పట్టానంటే అబద్ధం. తిన్నానంటే కొన్నట్టు. నా రాయి నిలవాలంటే ఆయన ఇన్నేళ్ళ మీసం కిందికి దిగాలి. "మామా, వద్దులే. రాయిదేముంది, ఇంకోటి చూసుకుంటా," అన్నాను.

మామ ఆగాడు. మీసం దువ్వుకున్నాడు. వెనక్కి తిరిగి నేరుగా సెల్వరాజు బూత్‌కే నడిచాడు. పొద్దున రాళ్ళ మీద ఉన్నవాళ్ళు ముగ్గురు అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నారు. అద్దాల గదిలోకి పోయి తలుపు వేసుకోవచ్చు. వేసుకోలేదు.

"వెంకటేశా, నేనే. నీ బావ చెప్పింది నిజం. తెల్ల జెల్ల ఉండాది."

అవతల బావ ఏదో అడిగాడు. ఏమడిగాడో అందరికీ తెలుసు.

"పట్టలేదు," అన్నాడు మామ, అలల హోరులో మాట్లాడినట్టు గట్టిగా. "కొన్నాం. నేను తిన్నా. చూడకుండా తిన్నా, అది నా తప్పు."

ఫోను పెట్టేశాడు. బల్ల మీద ఎవరూ నవ్వలేదు. సెల్వరాజు బిల్లు చింపి, దాన్ని అటూ ఇటూ తిప్పి, చిన్నగా అన్నాడు.

"మా పెరట్లోకీ అంజలైనే వస్తాది మామా."

బల్ల మీద ఇద్దరు కాళ్ళ వైపు చూసుకున్నారు. మూడోవాడు మాత్రం, మా ఇంటికి ఆమె చెల్లెలొస్తుందన్నాడు.

మర్నాడు పొద్దున మామ బస్టాండు దాకా వచ్చాడు. గాలం కర్రకు కొత్త ముడి వేసి ఇచ్చాడు. ఇప్పటికీ అది ఊడలేదు. పాండిచ్చేరి పోయేవాళ్ళు సముద్రం చూడండి, వీధులు చూడండి. వీలైతే తెల్లారుజామున రాళ్ళ మీదికి పోయి, కళ్ళు మూసుకుని దారం పట్టుకున్న నిటారు మనిషి ఉన్నాడేమో చూడండి. చేపల గురించి అంత తెలిసినవాణ్ణి నేను చూడలేదు. తెలియనిది ఒకటుందని అంత గట్టిగా చెప్పినవాణ్ణి అసలే చూడలేదు.

వచ్చేటప్పుడు కుడి వైపు కిటికీ పట్టాలి. అత్త కట్టిచ్చిన క్యారియరు ఒళ్ళో పెట్టుకున్నాను. సాయంత్రం ప్యాసింజరులో మూత తీసేసరికి పెట్టె అంతా కొళంబు వాసన. ఎదురు సీటాయన గాలం కర్రను, క్యారియరును మార్చి మార్చి చూశాడు.

"నువ్వు పట్టిందేనా?"

"కాదన్నా," అన్నాను. "కొన్నదే."

తడ దాటింది. బావ ఈపాటికి నా రాయి తుడిపించి ఉంటాడు, లేదా దాని మీద కూర్చుని ఆఖరిసారి గాలం వేస్తుంటాడు. ఆయన సంగతి రేపు చూద్దాం. దిగగానే నేను పోవాల్సింది టీ అంగడికి కాదు, ఇంటికి. మా ఆవిణ్ణి ఒక మాట అడగాలి. పెళ్ళైనప్పటి నుంచీ అడగనిది.