నేను కింద దూరని బస్సు

ఆటోమొబైల్ డిప్లొమా చదివి, హెవీ లైసెన్సు తీసుకొని, పరీక్ష రాసి రవాణా శాఖలో చేరాను. ఉద్యోగానికి కాగితం మీద పొడుగాటి పేరొకటి ఉంది. మా వైపు దాన్నెవరూ పలకరు, బ్రేకిన్స్‌పెక్టరు అంటారు. మదనపల్లెలో మా పై అధికారి దగ్గర ఏడు నెలలు పని నేర్చుకున్నాను. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు.

ఆయన చేతిలో కాగితం ఉండేది కాదు. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తట్టి, కింద దూరి బయటికి వచ్చి సంతకం పెట్టేవారు. నాకంత నమ్మకం లేదు. ముప్పై రెండు అంశాల పట్టిక రాసుకొని అట్టకు బిగించుకొని తిరిగేవాణ్ణి. ఒకటి, ఛాసిస్ నంబరు. రెండు, ఇంజన్ నంబరు. పంతొమ్మిది, బ్రేకు గాలి పైపులు, కింద పడుకొని చూడాలి. ఆ చివరి మూడు మాటల కింద గీత గీసుకున్నాను.

పుంగనూరులో వారానికొక రోజు బండ్లు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తాయని ఎఫ్.సి. కాగితం ఇచ్చే క్యాంపు ఉండేది. ఆ వారం ఆయనకు కోర్టులో సాక్ష్యం పడింది. మొదటిసారి నన్నొక్కణ్ణే పంపారు. ముందురోజు వాన కురిసి మైదానమంతా బురదగా ఉంది. పద్నాలుగు బండ్లు వచ్చాయి. మొదటి ఆరింటి కిందా గోనెసంచి పరుచుకొని దూరాను. ఏడోది మదనపల్లె నుంచి కుప్పం పోయే ప్రైవేటు బస్సు. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చోగానే వెనక పాలవ్యాను ఆసామి అన్నాడు.

"ఏమప్పా, ఈ సారు ఎఫ్.సి. ఇచ్చేకి వచ్చినాడా, బర్రె మాదిరి బురదలో పొర్లేకి వచ్చినాడా?"

అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. చక్రం పక్కనుంచి వంగి లోపలికి చూశాను. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. పంతొమ్మిదికి టిక్కు పెట్టాను. తర్వాత, సీటులోంచి దిగకుండా కూర్చున్న డ్రైవరు చేత బస్సును వేగంగా నడిపించి బ్రేకు వేయించి, ఎంత దూరంలో ఆగిందో అడుగులతో కొలిచాను. బాగానే ఆగింది. సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం గదిలో పట్టికలను నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటుంటే పంతొమ్మిది దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఏమేం జరగవచ్చో అదే పేజీలో రాశాను. ఒకటి, పైపులు బాగానే ఉండొచ్చు. రెండు, గాలి కొద్దికొద్దిగా పోతుంటే డ్రైవరు గమనించొచ్చు. మూడు, కుప్పం దారి దిగుడులో పైపు పగిలి బ్రేకులు పోవచ్చు. మూడోది రాశాక పేజీ చించేశాను. చించినా మూడు రోజులు అది మనసులోంచి పోలేదు. పై అధికారికి చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ బస్సు రోజుకు రెండుసార్లు ఆ దారిలో తిరుగుతూనే ఉంటుంది.

నాలుగో రోజు సెలవు పెట్టి అదే బస్సెక్కాను. కుప్పంలో అది ఆగి ఉన్నప్పుడు ఎవరికీ తెలియకుండా కింద దూరి చూద్దామన్నది నా ఆలోచన. డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ లెక్కబెడుతూ ఉన్నాను.

పలమనేరు దాటాక రోడ్డు దిగుడులో పడింది. డ్రైవరు బస్సును అలాగే వదిలేశాడు. నా కుడికాలు తనంతట తానే నేలను అదుముతోంది. ఆగలేక, "కొంచెం నిదానంగా పోనీయప్పా" అన్నాను.

అతను అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "పాస్ చేసిన సారే భయపడితే యెట్ల? మొన్న ఎఫ్.సి. అయ్యేదాకా నేనూ ఈడ రెండో గేరులోనే దిగుతాంటి."

"యాల? ఏమైందని?"

"వెనక బ్రేకు పైపు చక్రం కాడి కమాను కట్టకు ఒరుసుకుంటాది గదా సార్. ఓనరుకు చెప్పి చెప్పి నోరు నొచ్చె. ఎఫ్.సి.లో ఎట్లాగూ బండిని నిలబెడతారులే అనుకొంటి. మీరు సూసి కూడా వదిలినారంటే అది పెద్ద రోగం కాదని ధైర్యం వచ్చినాది."

ముందుకు వంగి అతని చెవి దగ్గర చెప్పాను. "నేను చూడలేదు."

"ఏమంటిరి?"

"కింద దూరలేదు. చూడకుండానే టిక్కు పెట్టినా."

అతను గేరు మార్చాడు, ఇంకోసారి మార్చాడు. ఇంజన్ గట్టిగా మూలిగింది. అతని మెడ మీద చెమట కనిపించింది. ఆ దిగుడు ఎప్పటికీ అయిపోదనిపించింది. చివరికి ఒక ఊరి ముందు చదునైన చోట ఆపాడు. ఇద్దరం కింద దూరాం. పైపు రబ్బరు ఒకవైపు పూర్తిగా అరిగి లోపలి నూలు కనిపిస్తోంది. వేలితో ముట్టుకోవడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

ప్రయాణికులందరినీ దించేసి సంగతి చెప్పాం. చంకలో పిల్లనెత్తుకున్న ఒకామె నా ముందుకొచ్చి నిలబడింది.

"బ్రేకిన్స్‌పెక్టరంట. ఆ పొద్దు కండ్లు యాడ పెట్టుకొంటివి నాయనా?"

నేను పక్కనే ఉన్న ఎస్టీడీ బూతులోకి పోయి మదనపల్లెకు ఫోను చేశాను. పై అధికారి మధ్యలో ఒక్క మాటా అడ్డం రాకుండా అంతా విన్నారు.

"బస్సులో ఎంతమంది?"

"యాభై ఒక్కరు సార్. డ్రైవరు, కండక్టరు కాక."

"లెక్కబెట్టినావా?"

"మదనపల్లె నుంచి లెక్కబెడతానే ఉండా సార్."

"ఎఫ్.సి. కాగితం వెనక్కి తీసుకో. ఎందుకు తీసుకుంటాండావో నీ చేత్తో రాసి నా దగ్గరికి తీసుకురా. పైపు అరిగిందని మాత్రం రాస్తే కుదరదు. నువ్వు సూడలేదని కూడా రాయాల."

"రాస్తే నా ప్రొబేషన్ సార్..."

"అది తర్వాత సంగతి. దాని గురించి నేనేమీ మాట ఇయ్యలేను."

డ్రైవరు ఎఫ్.సి. కాగితమూ, రాసుకోవడానికి ఒక తెల్లకాగితమూ తెచ్చి ఇచ్చాడు. బస్సు మెట్టు మీద కూర్చొని పెన్ను తీశాను. చెమట చుక్క కాగితం మీద పడింది. అతను అది చూసి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఇచ్చాడు.

"చెమట తుడుసుకోండి సార్. నిదానంగా రాయండి. జనానికి ఇంకో బండి వచ్చేకి ఎట్లాగూ గంట పడతాది."