చార్జి అప్పగించే గురువులు

గురువులు ఎక్కడి నుంచీ ఊరికే లేచి వెళ్ళడు. చార్జి అప్పగించి వెళ్తాడు. బస్సులో సీటు ఖాళీ చేసినా, మంగలి కుర్చీ దిగినా, పెళ్ళిలో విస్తరి ముందునుంచి లేచినా, తన తరవాత ఆ చోటికి వచ్చే మనిషిని పట్టుకుని అక్కడి పరిస్థితి మొత్తం చెబుతాడు. ఆ మనిషి "సరే" అన్నాకే కాలు కదుపుతాడు. అనకపోతే మొదటినుంచీ మళ్ళీ చెబుతాడు.

ఈ అలవాటు స్టీల్‌ప్లాంటు పెట్టింది. కరిగిన ఉక్కును కుండలతో మోసే క్రేను మీద, పైకప్పుకీ నిప్పుకీ మధ్య వేలాడే చిన్న గదిలో ఆయన సర్వీసంతా గడిచింది. అక్కడ షిఫ్టు అయిపోయిందని దిగి వచ్చేయడానికి వీల్లేదు. తరవాతి ఆపరేటరు ఎక్కాలి. బ్రేకు ఎలా పడుతోందో, కొక్కేనికి ఏం వేలాడుతోందో, కింద ఎవరు తిరుగుతున్నారో వినాలి. విని "సరే" అనాలి. మిగతావాళ్ళు ఈ పద్ధతిని హెల్మెట్‌తో పాటు గేటు దగ్గరే వదిలేసి ఇళ్ళకు వెళ్ళేవారు. గురువులు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

రిటైరైన రోజున కింద శాలువా, పూలదండ, పెద్ద ఆఫీసరు, మైకు, అందరూ సిద్ధంగా ఉన్నారు. గురువులు మాత్రం పైనే ఉన్నాడు. రిలీవరు బస్సు ఆలస్యమైంది. "దిగవయ్యా, సారు ఎదురుచూస్తన్నారు!" అని కిందనుంచి కేకలు. "సారుకి క్రేను నడపడం వచ్చునేటి? వత్తే పంపండి, అప్పగించి దిగుతాను," అని పైనుంచి జవాబు. రిలీవరు వచ్చేసరికి దండలో పూలు తలలు వాల్చేశాయి. ఆఫీసరు కూడా వాల్చేశాడు.

తగరపువలసలో ఒక పెళ్ళికి వెళ్ళి, మొదటి బంతిలో తిని లేచి, వెనక నిలబడ్డ పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"బావ, కుర్సీ ఎడమ కాలు ఊగతాది, జాగర్త. గుత్తొంకాయ బాగున్నాది. సాంబారు జోలికెల్లకు. కుడిపక్కాయన పప్పు మల్లీ మల్లీ అడుగుతున్నాడు, నీదాకా రానివ్వడు. ఎనకమాల వచ్చీ కుర్రోడి గరిటె పెద్దది, ఆడినే పిలు. సరేనా?"

ఆ పెద్దమనిషి పెళ్ళికొడుకు తండ్రి. పాపం, "సరే" అన్నాడు.

ఈ చార్జీల బాధ అందరికన్నా ఎక్కువ పడింది పద్మావతి. ఆవిడ భర్త శివరామకృష్ణ, గురువులు, ఒకే క్రేను మీద ఒకరికొకరు రిలీవర్లు. ఒకరు దిగితే ఒకరు ఎక్కేవారు. ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చిన శివరామకృష్ణకు ఈ ఊళ్ళో మొదట దొరికిన బావ గురువులే. రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో ఒకే అపార్ట్‌మెంటులో, ఒకరి నెత్తిన ఒకరు ఫ్లాట్లు కొనుక్కున్నారు. గురువులు పైన. కాఫీకి కిందికి దిగి, తాగి లేచి, పద్మావతికి అప్పగించేవాడు.

"సెల్లెమ్మా, ఫేను రెండు మీదున్నాది. గలాసు సింకులో ఎట్టేను. పిల్లి సోఫా కిందుంది, తలుపెయ్యకు."

"అన్నయ్యగారూ, ఇది నా ఇల్లండీ!"

"అందుకే నీకు సెప్తన్నాను. సరేనా?"

అలాంటి రోజుల మధ్యలో ఒక ఉదయం, రైతుబజారులో బెండకాయలు ఏరుతుండగా, శివరామకృష్ణ ఎడమచెయ్యి సంచీని వదిలేసింది. స్ట్రోకు అన్నారు. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు, తరవాత మనిషిని నిలబెట్టారు. కర్ర పట్టుకుని నడుస్తూ ఇంటికి వచ్చాడు. మాట పోలేదు. ఇంకేం, గండం గడిచిందని చుట్టాలంతా కొబ్బరికాయలు కొట్టారు.

కానీ ఇంటికి వచ్చింది ముక్కాలు మనిషేనని పద్మావతికి వారంలోనే తెలిసింది. ఆయన ప్రపంచంలో ఎడమపక్క మాయమైపోయింది. కంచంలో కుడిపక్క అన్నం తిని "అయిపోయింది" అనేవాడు. కంచాన్ని అటు తిప్పితే "ఇంకా ఉందా!" అని సంబరపడేవాడు. గడ్డం గీసుకుంటే కుడిబుగ్గ పెళ్ళికొడుకు, ఎడమబుగ్గ సన్యాసి. టీవీలో సబ్బు ప్రకటన వస్తే వెక్కివెక్కి ఏడ్చేవాడు. పరామర్శకు వచ్చి, వరసకు అక్కగారొకావిడ శోకాలు పెడితే పకపకా నవ్వాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. స్ట్రోకు వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు అదేనని పద్మావతి ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

నవ్వుకోలేనిది ఒకటుంది. ఆయన తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టడు. లెమ్మంటే లేస్తాడు. తినమంటే తింటాడు. చెప్పకపోతే, ఒడ్డున కట్టేసిన పడవలా కూర్చున్న చోటే ఉంటాడు. ఒకసారి ఆవిడ కరివేపాకు కోసం కిందికి వెళ్ళి వచ్చేసరికి, కట్టకుండా వదిలేసిన కుళాయి నీళ్ళు హాలంతా పరుచుకున్నాయి. ఆ నీళ్ళలో పాదాలు పెట్టుకుని ఆయన ప్రశాంతంగా కూర్చున్నాడు.

"ఏవండీ! నీళ్ళండీ!"

"అవును," అన్నాడాయన.

ఫిజియోథెరపీకి సిటీ నుంచి స్కూటీ మీద వచ్చే ఆస్రా, పద్మావతికి నెమ్మదిగా చెప్పింది. "బద్ధకం కాదాంటీ. మొండితనం కూడా కాదు. మోటారు బాగుంది, స్విచ్చు వేసే చోట దెబ్బ తగిలింది. ఎడమపక్క కూడా అంతే. కళ్ళు చూస్తున్నాయి, అటువైపు ఒకటి ఉందన్న సంగతి బుర్రకి అందడం లేదు. అటు తిరగడం ఆయనకే అవసరం అవ్వాలి. మనం తల పట్టుకుని తిప్పితే లాభం లేదు."

ఎప్పటికి అవసరమవుతుంది? పద్మావతికి అదే గుబులు. టౌన్‌షిప్ గేటు దగ్గర ఆవిడకొక కర్రీ పాయింటు ఉంది. షిఫ్టు దిగి వచ్చే కుర్రాళ్ళు ఆవిడ దొండకాయ వేపుడు కోసం వరస కట్టేవారు. తన చేత్తో తాను పెట్టుకున్న కొట్టు. ఇన్నాళ్ళుగా మూసే ఉంది. కొట్టు అద్దెకిచ్చిన సొంతదారు దసరా దాకా ఆగుతానన్నాడు. ఒక్క పూట ఈయన్ని ఇంట్లో ఒంటరిగా వదలగలిగితే కొట్టు ఉంటుంది. లేకపోతే పోతుంది.

గురువులు ఇవేమీ అడగలేదు. ఆస్రా ఆ మాట చెప్పిన మర్నాటి నుంచి, మధ్యాహ్నం బీ షిఫ్టు ఎక్కే వేళకి దిగి రావడం మొదలుపెట్టాడు. "నువ్వు నడుం వాల్చు సెల్లెమ్మా, నాను డ్యూటీలో ఉన్నాను," అని శివరామకృష్ణకు ఎడమపక్కనే కుర్చీ వేసుకునేవాడు. వచ్చిన చుట్టాలంతా రోగి నెత్తిమీదుగా "తింటున్నాడా? పడుకుంటున్నాడా?" అని పద్మావతిని అడిగితే, గురువులు రోగితోనే పోట్లాడేవాడు. వెళ్ళేటప్పుడు అప్పగింత కూడా ఆయనకే.

"నాకు కదా చెప్పాలి అన్నయ్యగారూ? చూసుకునేది నేనండీ."

"నువ్వు ఇన్‌చార్జివమ్మా. సీట్లో ఉన్నది బావ. ఆపరేటరికే అప్పగించాల." ఇటు తిరిగి, "బావ, పక్కనున్న టీపాయి మీద గలాసు నిండా నీళ్ళున్నాయి. బాల్కనీ తలుపు మూసేను. గోడ మీద కేలండర్లో నెల మార్చేను. సరేనా?"

శివరామకృష్ణ ఎటో చూస్తూ "సరే" అనేవాడు.

గ్లాసులో నీళ్ళు లేవని పద్మావతి మొదటిరోజే గమనించింది. మర్చిపోయాడనుకుంది. బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది, పావురాలు హాల్లో పచార్లు చేస్తున్నాయి. పొరపాటనుకుంది. కేలండర్లో పోయిన నెలే ఉంది. ఆ మర్నాడూ అంతే, ఆపైనా అంతే. ఆవిడకు భయం పట్టుకుంది. గురువులు తప్పు చార్జి ఇవ్వడమా! సముద్రం ఉప్పు మర్చిపోవడం లాంటిదది. ఒకాయన మంచాన పడ్డాడు, ఇప్పుడు ఈయన బుర్ర కూడా జారుతోందన్నమాట.

"ఆస్రా, తల్లీ, ఆయన్ని కూడా ఒకసారి చూడమ్మా. చెప్పేదొకటి, చేసేదొకటి."

ఆస్రా గురువులు చేత చేతులెత్తించింది, ముక్కు ముట్టించింది, కాగితం మీద గడియారం బొమ్మ వెయ్యమంది. గురువులు శ్రద్ధగా వేసి తిరిగిచ్చాడు.

"సిన్న ముల్లు పది మీదున్నాది. బేటరీ కొత్తదే. సరేనా?"

ఆస్రా నవ్వు ఆపుకోలేక కాగితం అడ్డం పెట్టుకుంది. "అంకుల్ మన అందరికన్నా బాగున్నారాంటీ," అంది. వెళ్తూ గురువులు వైపు చూసింది. గురువులు ఫ్యాను వైపు చూశాడు. ఇద్దరికీ ఏదో తెలుసునని పద్మావతికి అనిపించింది. ఏమిటో తెలియలేదు.

ఈలోగా శివరామకృష్ణకు దాహం వెయ్యడం మొదలైంది. నిండుగా ఉందన్న గ్లాసు కోసం తడిమి, తల అటు తిప్పి, ఖాళీ గ్లాసును పట్టుకుని చాలాసేపు చూశాడు. "నిండుగా ఉందన్నాడే," అని గొణిగాడు. మర్నాడు కేలండరు వైపు తిరిగి మొహం చిట్లించాడు. పద్మావతి అప్పటికే ఆశ వదిలేసుకునే తొందరలో ఉంది, పట్టించుకోలేదు.

దసరా దగ్గరపడింది. ఒక సాయంత్రం గురువులు చార్జి అప్పగించి వెళ్ళాక, ఆవిడ కొట్టు తాళంచెవులు కొంగున కట్టుకుని బయల్దేరింది. సొంతదారుకు ఇచ్చేసి రావాలి. మెట్లు ఎప్పుడూ లేనంత పొడుగ్గా అనిపించాయి. కింద గేటు దగ్గర వాచ్‌మన్ అర్జునరావు ఆపాడు.

"అమ్మా, గురువులుగారికి ఒక మాట సెప్పండి. నా వల్ల కావట్లేదు. రోజూ మీ ఇంటి సంగతులు నాకు అప్పసెప్తన్నారు."

"మా ఇంటివా? నీకెందుకు?"

"అదే నానూ అడిగేను. 'పైన గలాసు ఖాళీ, నిండుగున్నాదని సెప్పేను. తలుపు తీసున్నాది, మూసేనని సెప్పేను. నిజమన్నది ఒక మనిసి దగ్గరైనా ఉండాల, నీ దగ్గరుంచు,' అంతారు. సరే అనీదాకా కదల్రు! గేటు కాయాలా, మీ గలాసు కాయాలా?"

"మరి ఆ అబద్ధాలెందుకో చెప్పలేదా?"

"సెప్పేరు. 'ఎడమపక్కకి సూడమంటే మా బావ సూడ్డు. తప్పు సెప్తే సూత్తాడు. నా తప్పు పట్టుకోడం ఆడికి సర్వీసంతా సరదా. ఆ స్కూటీ డాక్టరమ్మ కూడా మంచిదే అన్నాది,' అన్నారు. ఏటో గానీ, తప్పు చార్జి ఇచ్చిన రోజు అన్నం దిగట్లేదంట ఆరికి. నాకు నిజం సెప్పీసి, అప్పుడెల్లి తింతన్నారు. ఈయేల బాల్కనీలో బట్టలు తీసేసేనని సెప్పేరంట. తియ్యలేదు, ఎండలోనే ఉన్నాయన్నారు."

ఎండ ఎక్కడుంది? గంగవరం కొండ మీదనుంచి మబ్బు బొగ్గులారీలా దిగుతోంది. మొదటి చినుకు పద్మావతి ముక్కు మీద పడింది. ఆవిడ తాళంచెవుల సంగతి మరిచి మెట్ల మీదికి పరుగెత్తింది.

తలుపు తీసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. బాల్కనీలో ఆయన. కర్ర గోడకు ఆనించి, కుడిభుజం మీద లుంగీలు, తువ్వాళ్ళు గుట్టగా వేసుకుని, దండెం ఎడమ కొస దాకా జరిగి, పట్టు దొరకని ఎడమచేత్తో ఆవిడ చీర కొంగును పీకుతున్నాడు. వాన ఆయన బట్టతల మీద టపటపా దరువు వేస్తోంది. ఎవరూ లెమ్మనలేదు. ఎవరూ అటు చూడమనలేదు.

"చూశావా పద్మా! బట్టలు తీశానన్నాడు వెధవ! ఒక్కటి తియ్యలేదు! ఇదేనా చార్జి ఇవ్వడం? పిలు వాణ్ణి!"

పిలవక్కర్లేకపోయింది. ఆ కేకకు గురువులు తింటున్న చేత్తోనే దిగి వచ్చాడు.

"ఏంటి బావా ఇది? నిన్న నీళ్ళు, మొన్న తలుపు, ఇవాళ బట్టలు! నీకు చార్జి ఇవ్వడం చేతకాదు. క్రేను మీద కూడా ఇలాగే ఇచ్చేవాడివా?"

గురువులును ఇంతకన్నా పెద్ద తిట్టు తిట్టడానికి తెలుగులో మాటల్లేవు. ఎవరైనా ఇంకొకరు అని ఉంటే ఏమయ్యేదో. ఆయన మాత్రం ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని, తల వంచుకుని, మొహమంతా వెలిగిపోతుండగా, "వయసైపోనాది బావ. ఇంక నువ్వే సూసుకోవాల," అన్నాడు.

"చూసుకోక చస్తానా? నీ మీద వదిలేస్తే ఇల్లు గోదావరే!"

పద్మావతి ఏదో చెప్పబోయింది. గురువులు గుమ్మంలో ఆగి గుసగుసగా, "నిజం ఇప్పుడే సెప్పకు సెల్లెమ్మా. ఇంకా బాగవ్వనీ. అప్పుడు సెప్దాం, కర్రతో కొడతాడు, తిందాం," అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్కసారి మాత్రం చార్జి అప్పగించడం మర్చిపోయాడు.

దసరా ముందు కర్రీ పాయింటు తెరుచుకునే రోజు వచ్చింది. పద్మావతి బయల్దేరుతూ భర్త ఎదురుగా నిలబడింది.

"పొయ్యి కట్టేశానండీ. కుళాయి కట్టేశాను. మాత్రలు మీ కుడిచేతి దగ్గరున్నాయి. ఎడమపక్క అలమారలో డబ్బా నిండా పంచదార పోశాను. సరేనా?"

"సరే. వెళ్ళిరా."

మెట్లు దిగుతుంటే ఆవిడ గుండె దొంగతనం చేసినట్టు కొట్టుకుంది. ఇంత చిన్న అబద్ధం ఇంత బరువుంటుందా! పాపం గురువులన్నయ్య, రోజూ ఎలా మోశాడో. గేటు దాటబోయి ఆగింది, వెనక్కి వచ్చింది.

"అర్జునరావూ, పంచదార డబ్బా ఖాళీ. నింపానని చెప్పాను."

వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. "మీరు కూడానా అమ్మా!"

"సరే అనవయ్యా, కొట్టు తెరవాలి!"

అతను నోరు విప్పేలోగా పైన బాల్కనీలోంచి అపార్ట్‌మెంటంతా వినిపించేలా ఒక కేక పడింది.

"పద్మా! పంచదార లేదు!"

పద్మావతి వెనక్కి తిరిగి చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వు తుళ్ళిపోకుండా పట్టుకుని, దొండకాయల సంచీ ఊపుకుంటూ టౌన్‌షిప్ గేటు వైపు నడిచింది.