దూది కుట్టిన నిక్కరు, గద్వాల దారి

నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల దాకా ఒక్క పూటలో సైకిల్ తొక్కాను. గేర్ల సైకిళ్ల వాళ్లందరినీ వెనక్కి నెట్టి, కృష్ణ బ్రిడ్జి మీద వాళ్ల కోసం ఎదురుచూశాను. ఈ మాట మా బజారులో చాలామందికి చెప్పాను. మీకు నిజమే రాస్తాను, జర ఆగండి.

నేను దర్జీని. బిజినేపల్లి పక్క ఊరి నుంచి నాగర్‌కర్నూల్‌లోని దుకాణానికి ఏళ్ల తరబడి సైకిల్ మీదే పోతున్నాను. సైకిలంటే నాకు చెప్పుల జత లాంటిది. దాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది అనుకునేవాణ్ణి.

రోజూ పొద్దున హెల్మెట్లు పెట్టుకున్న సైకిళ్ల గుంపు ఒకటి ఎదురయ్యేది. ఒకనాడు వాళ్లు చెయ్యెత్తారు. ఎవరికోనని వెనక్కి తిరిగి చూశాను. మరునాడు నేనూ ఎత్తాను. ఇంకోనాడు వాళ్లు టీ తాగేచోట ఆగాను. ఆగాక అడగకుండా ఉండగలనా? టైరు ఇంత సన్నగా ఎందుకు? స్టాండేది? మడ్‌గార్డు లేకపోతే వానలో వీపేం కావాలి? గుంపులో ఒక పంతులమ్మ, మందుల దుకాణం సాయిబు ఓపిగ్గా చెప్పేవాళ్లు. గాలి ఎటు వీస్తుందన్నది వాళ్లకు పెద్ద ముచ్చట. కొన్నాళ్లకు నేనూ కత్తెర పక్కన పెట్టి, ఈరోజు ఎదురుగాలి బాగా ఉందని గిరాకీలకు చెప్పసాగాను.

ఒక ఆదివారం గద్వాల పోతున్నామన్నారు. వస్తానన్నాను. నాకది పరీక్షలా తోచింది. గట్టెక్కితే వాళ్లలో ఒకణ్ణి, లేకపోతే టీ దగ్గర ప్రశ్నలడిగే ముసలాణ్ణి.

వాళ్ల నిక్కర్లలో మెత్త ఉంటుందని అప్పటికే కనిపెట్టాను. దర్జీని, కొంటానా? పాత పరుపులోని దూది దట్టంగా పెట్టి కుట్టాను. తొడుక్కుని బయటికొస్తే మా ఇంటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇదేంది, పరుపు కట్టుకొని పోతున్నవా? గీ వయసుల చెడ్డేసుకొని ఊరు దాటుతవా?"

"మీద పంచె కడుత తియ్యి!"

నాగర్‌కర్నూల్ నుంచి అన్నాను కదా, అదే మొదటి అబద్ధం. వాళ్లు అక్కడి నుంచి వస్తుంటే మా ఊరి దగ్గర కలిశాను. వనపర్తి దాకా హాయిగా పోయాను. ఎండెక్కింది. చెమటంతా దూది తాగింది. మెత్త కాస్తా ముద్దయింది, ముద్ద రాయయింది. నిలబడి ఎంతసేపని తొక్కను? పెబ్బేరులో చేతులెత్తేసి, సైకిల్ని ఆటోలో పడేశాను. బ్రిడ్జి మీద వాళ్ల కోసం ఎదురుచూసిన మాట మాత్రం నిజమే. ఆటో దిగి నిలబడి చూశాను, కూర్చోలేక.

మిగతా దారి కూడా ఆటోలోనే పోయాను. గద్వాలలో అందరూ కూర్చుని, నేను నిలబడి టిఫిన్ చేస్తుంటే సాయిబు అడిగాడు: "చాచా, వచ్చే ఐతారం అయిజకు పోదామా?" ఎంత సంతోషమైందో! పరీక్ష పాసయ్యాననే అనుకున్నాను.

మొన్న టీ దగ్గరికి ఒక కొత్తాయన వచ్చాడు. ఆయనకు చెప్పాను: "గద్వాల తొవ్వల సగానికి పైనే తొక్కిన. నా పట్టుదల చూసే వీళ్లు నన్ను చేర్చుకున్నరు."

పంతులమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"నిన్నెవ్వరు చేర్చుకోలే తాతా. పరీక్ష లేదు, గిరీక్ష లేదు. రోజు వస్తున్నవ్, టీ కాడ మా దిమాక్ తింటున్నవ్. వద్దంటె ఆగుతవా ఏంది?"