సున్నం అంటని చెయ్యి

పిడుగురాళ్లలో నాది టైలరు కొట్టు. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టాడు, నేను చొక్కాలూ ప్యాంట్లూ కుట్టాను. వీధి చివరి బట్టీల నుంచి సున్నపు దుమ్ము లేచి, ఇస్త్రీ చేసి పెట్టిన నల్ల ప్యాంట్ల మీద పడేది. అది దులుపుకోవడంతోనే నాకు సగం రోజు గడిచిపోయేది. సముద్రాన్ని చీరాల వెళ్లినప్పుడు రెండుసార్లు చూశాను, మోకాళ్లు తడిసేదాకా దిగి వెనక్కి వచ్చేశాను. అలాంటివాణ్ణి ముప్పై ఆరేళ్ల వయసులో తెరచాప పట్టుకున్నానంటే తప్పు నాది కాదు, ఒక చిరుగుది.

తొంభై ఎనిమిది ఆగస్టులో, నేవీలో పనిచేసి రిటైరైన ఒకాయన కొట్టుకు వచ్చాడు. భుజం మీద ఏదో పెద్ద బట్ట చుట్ట. పరిచి చూద్దామంటే నా కొట్టు చాలలేదు, వీధిలో పరిచాం. దానికి మధ్యలో మూరెడు చిరుగు.

"మాస్టారూ, కుట్టగలరా?" అన్నాడు.

"కుడతానండీ. ఇంతకీ దీన్ని ఎవరు తొడుక్కుంటారు?" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "గాలి తొడుక్కుంటుంది. ఆదివారం రండి, మీ కుట్టు ఆగుతుందో లేదో మీరే చూద్దురుగాని."

బస్సులో గంట ప్రయాణం. కొండల మధ్య రిజర్వాయరు, పొలాలకు వదిలే కాలవ నీళ్లే అందులో నిలిచేవి. పడమటి ఒడ్డున ఆయన ఒక రేకుల షెడ్డు వేసి, ఎక్కడో వాడి వదిలేసిన నాలుగు బోర్డులు తెచ్చిపెట్టి, దానికి సెయిలింగ్ క్లబ్బని పేరు పెట్టాడు. పదిమందికి మించి సభ్యులం ఎప్పుడూ లేం. ఒక కాలేజీ లెక్చరరు, ఒక కాంపౌండరు, పత్తి మిల్లులో పనిచేసే అన్నదమ్ములు, అలాంటివాళ్లం. బోర్డంటే తలుపు రెక్కకన్నా పొడుగైన పలక, దానికి నిలువుగా ఒక తెరచాప. పలక మీద నిలబడి, నీళ్లలో పడి ఉన్న తెరచాపను తాడుతో పైకి లాగి, దానికి అడ్డంగా ఉన్న గొట్టాన్ని రెండు చేతులా పట్టుకోవాలి. అంతే. ఆ అంతేలోనే నా ఏడేళ్లు పోయాయి.

అక్కడ రెండు ఆచారాలు ఉండేవి. ఎవరైనా నీళ్లలో పడితే ఒడ్డున ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టాలి. ఎగతాళి అనుకుని మొదటిరోజు నాకు ఒళ్లు మండింది. "పడ్డారంటే అప్పటిదాకా నిలబడ్డట్టేగా మాస్టారూ" అన్నాడు నేవీ ఆయన. తనంతట తాను ఒడ్డుకు తిరిగొచ్చినవాడికి మాత్రం చప్పట్లు లేవు. వాడికి సున్నం బక్కెట్టు తెచ్చి ముందు పెట్టేవాళ్లు. అరచెయ్యి ముంచి, షెడ్డు ఇటుక గోడ మీద ముద్ర వేయాలి. ఆ సున్నం మా ఊరిదే, నేనే పొట్లం కట్టి తీసుకెళ్లేవాణ్ణి. అది చేతి గీతల్లోకి దూరిందంటే ఎంత తోమినా రెండు మూడు రోజులు పోదు. లెక్చరరు సోమవారం కాలేజీలో కుడిచెయ్యి ఊపుకుంటూ తిరిగాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

అక్కడ వీచేది పడమటి గాలి. వెళ్లడానికి ఏ విద్యా అక్కర్లేదు, తూర్పున ఉన్న కట్టదాకా గాలే తోసుకుపోతుంది. రావడమే విద్య. గాలికి నేరుగా ఎదురు రాలేం. వాలుగా కొంతదూరం వచ్చి, తెరచాప చుట్టూ చిన్న చిన్న అడుగులు వేసి ఇటు నుంచి అటు మారి, మళ్లీ వాలుగా రావాలి. ఆ మారే చోట నేను పడేవాణ్ణి. లేస్తే గాలి ఇంకొంచెం దూరం తోసేది. చివరికి కట్ట రాళ్లకు ఆనుకుని, బోర్డు మీద గొంతుక్కూర్చుని ఎదురుచూసేవాణ్ణి. అక్కడ చేపలు పట్టుకునే ఒక పెద్దమనిషి తన గుండ్రటి పుట్టి వేసుకుని వచ్చి నన్ను లాక్కొచ్చేవాడు.

"ఏం సాయిబు గారూ, ఇయ్యాల కూడా నా బండేనా?" అనేవాడు.

"మీ బండి అలవాటైపోయిందండీ" అనేవాణ్ణి. పైకి నవ్వేవాణ్ణి గానీ లోపల తల కొట్టేసినట్టుండేది.

కాలవ నీళ్లు ఆగస్టులో వచ్చేవి. సెప్టెంబరు దాటితే పడమటి గాలి పోయేది. అంటే ఏడాది మొత్తానికి ఏడెనిమిది ఆదివారాలు. రెండో ఏడు ముగిసేసరికి అందరి చేతులూ గోడ మీద ఉన్నాయి, నాది తప్ప. నేవీ ఆయన బొగ్గుముక్కతో లెక్చరరు చేతికీ కాంపౌండరు చేతికీ మధ్య ఒక సున్నా చుట్టాడు. "ఇక్కడ ఇంకెవరూ చెయ్యి పెట్టడానికి లేదు. ఇది మాస్టారిది" అన్నాడు.

ఆ మాట అనకపోయినా బాగుండేది. అప్పటిదాకా సరదా, ఆ తర్వాత అది నాకు బెంగయింది. నేను కుట్టిన ప్రతిదీ ఇంకొకరి ఒంటిమీద ఎక్కి వెళ్లిపోయేది. నాదని చూపించుకోవడానికి లోకంలో ఒక్కటీ లేదు. ఆ గోడ మీద నా చెయ్యి ఉండాలని నేను కోరుకున్నంతగా మరి దేన్నీ కోరుకోలేదు. మా ఆవిడ వింటే బాధపడుతుంది గానీ నిజం అదే.

రెండువేల ఒకటిలో నా బరువుకు సరిపోయే తెరచాప పీలికలైపోయింది, మళ్లీ కుడదామంటే కుట్టు ఆగే చోటే మిగల్లేదు. కొత్తది మా చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. అప్పుడు నా బుర్ర పనిచేసింది. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒక మిరప రైతు, కల్లంలో కాయలు ఎండబోసుకునే పాత టార్పాలిన్ పట్టా ఒకటి ఇచ్చాడు. పలచగా, గట్టిగా, తెరచాప కోసమే పుట్టినట్టుంది. సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి, మూడు రోజులు కూర్చుని కొలత ప్రకారం కత్తిరించి కుట్టాను. కుట్టు చూసి నేవీ ఆయన నా భుజం తట్టాడు. ఆ పట్టా మీద ఎన్ని కోతల మిరపకాయలు ఎండి ఉంటాయో ఆయనా అడగలేదు, నేనూ ఆలోచించలేదు. మిరప పండే గడ్డ మీద పుట్టి, ఆ ఘాటుకు తుమ్మడం కూడా మానేసినవాళ్లం. మాకు తట్టకపోవడమే మా ఖర్మ.

ఆ ఆదివారం గాలి అద్భుతంగా ఉంది. కట్టదాకా పోలేదు, సగంలోనే మారాను. అడుగులు నావి కానట్టుగా వాటంతట అవే పడ్డాయి. జీవితంలో మొదటిసారి షెడ్డు నా ఎదురుగా, దగ్గరవుతూ కనిపించింది. ఒడ్డున అందరూ లేచి నిలబడ్డారు. రెండోసారి మారాను, అప్పుడూ పడలేదు. ఒకాయన బక్కెట్టు పట్టుకుని నీళ్ల అంచుకు రావడం కూడా చూశాను. అప్పటికి పట్టా బాగా తడిసింది. దాని మీద నుంచి జారిన నీళ్లు నా నుదుటి మీదుగా కళ్లలోకి దిగాయి.

కారం. కళ్లలో నిప్పులు పోసినట్టయింది. గొట్టం వదిలేసి కళ్లు నులుముకున్నాను, ఆ చేతులకూ అదే నీళ్లు. పడ్డాను. బోర్డును కౌగలించుకుని, ఏమీ కనబడక, చిన్నపిల్లాడిలా అరిచాను. ఒడ్డున చప్పట్లు వినిపించాయి, వాళ్లకు సంగతి తెలియదు. పుట్టి పెద్దమనిషి వచ్చి చెయ్యి అందించేసరికి కట్ట దగ్గరికి కొట్టుకుపోయి ఉన్నాను. ఇంటికి వెళ్లాక మా ఆవిడ కళ్లలో పాలు పోసి, "గుంటూరు జిల్లాలో పుట్టి మిరప పట్టా కళ్లకు దగ్గరగా పెట్టుకున్నవాణ్ణి మిమ్మల్నే చూశానండీ" అంది. ఆ మాట క్లబ్బుకూ పాకింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం ఏడ్చాను, అది మంటవల్లేనని ఆవిడకు చెప్పాను.

మరుసటి ఏడు వేళకు నీళ్లు రాలేదు. ఎగువన వానల్లేవు. కాలవ అక్టోబరులో నాలుగు రోజులు పారింది, అప్పటికి గాలి పోయింది. ఆ తర్వాతి రెండేళ్లూ అసలు పారలేదు. అంతటా పత్తి ఎండిపోయింది, నా కొట్టుకు పండగ బట్టల వాళ్లు కూడా రాలేదు. పొలాలు అలా ఉంటే నువ్వు నీళ్ల మీద ఆట కోసం ఏడుస్తున్నావా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. తిట్టుకుంటూనే ఆదివారం బస్సెక్కి వెళ్లేవాణ్ణి. నెర్రెలిచ్చిన మట్టిలో సర్కారు తుమ్మ మొలిచింది, మోకాలెత్తు, నడుమెత్తు, తర్వాత తలెత్తు. లెక్చరరుకు బదిలీ అయింది. అన్నదమ్ములు రావడం మానేశారు. షెడ్డు రేకులు ఎవరో ఊడదీసుకుపోయారు. నేవీ ఆయనా నేనూ గోడ నీడన కూర్చుని టీ తాగి వచ్చేసేవాళ్లం. మూడో ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట, రెండూ పోయాయి. పర్చూరులో కూతురింటికి తీసుకెళ్లారు.

రెండువేల అయిదు ఆగస్టులో నీళ్లు వచ్చాయి. పుట్టి పెద్దమనిషి మా కొట్టుకు ఫోన్ చేయించాడు. "నిండింది సాయిబు గారూ, గాలి కూడా ఉంది. వత్తే ఇప్పుడే రావాలి." సున్నం పొట్లం కట్టుకుని వెళ్లాను. పగలకుండా మిగిలిన బోర్డు ఒక్కటే, మిగిలిన తెరచాప ఒక్కటే, అదీ నాకు చిన్నది. గోడ ఉంది. వానకు బొగ్గు సున్నా వెలిసిపోయింది గానీ ఆ ఖాళీ అలాగే ఉంది.

బాగానే వెళ్లాను, బాగానే మారాను. ఏడేళ్లలో నేర్చుకున్నదేదో ఒంట్లో మిగిలే ఉంది. ఒడ్డు ఇంకా బాగా దూరం ఉండగా పలక కింద ఏదో గీరుకుంది, ఆగిపోయింది. తుమ్మ. మూడేళ్లు ఎండలో పెరిగిన తుమ్మ తోపంతా నీళ్ల కింద నిలబడి ఉంది. పలక అడుగున ఉండే రెక్క కొమ్మల్లో ఇరుక్కుని విరిగింది. తెరచాప ముళ్ల మీద పడి నిలువునా చీలింది. చుట్టూ చూశాను, చప్పట్లు కొట్టడానికి ఒడ్డున ఎవరూ లేరు.

పుట్టి పెద్దమనిషి కత్తితో కొమ్మలు కోసి నన్ను బయటికి తీశాడు. ఒడ్డున దిగాక గోడ వైపు చూపించాడు.

"చెయ్యి ఎట్టేయండి సాయిబు గారూ. ఎవుడు చూడొచ్చాడు?"

పుల్లతో సున్నం కలిపాను కూడా. దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. తర్వాత బక్కెట్టు కాలితో తన్నేశాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

మర్నాడు కొట్టు తెరవకుండా పర్చూరు వెళ్లాను. నేవీ ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. నన్ను చూడగానే ఎడమచేతిని గాల్లో గోడకు ఆనించినట్టు పెట్టి, కనుబొమలెగరేశాడు. అడిగింది అర్థమైంది. దారిపొడుగునా నిజమే చెప్పాలనుకుంటూ వచ్చాను.

"నిన్ననే ఒడ్డుకు వచ్చానండీ. నా అంతట నేనే వచ్చాను. మీరు చుట్టిన సున్నాలోనే పెట్టాను" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. ఎడమచెయ్యి చాచి నా కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకున్నాడు. వెల్లకిలా తిప్పి, వెలుతురులోకి పెట్టి, గీత గీతా చూశాడు. బొటనవేలితో ఒకసారి రుద్దాడు. తుమ్మముళ్లు గీసిన ఎర్రటి చారలు ఉన్నాయి. సున్నం ఎక్కడా లేదు.

నాకు తలెత్తడానికి ధైర్యం చాలలేదు. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, ఆ పిడికిలిని నా ఒళ్లో పెట్టేశాడు. కాసేపటికి చిన్న చప్పుడు వినిపించి చూశాను. ఉన్న ఒక్క చేత్తో, తన మోకాలి మీద, ఆయన మెల్లగా చప్పట్లు కొడుతున్నాడు.