గోత్రం మారినా మారని రక్తం

మా ఇంట్లో ‘రొమ్ము’ అనే మాట ఎవరూ పలికేవారు కాదు. పురోహితుల ఇల్లు. ఎంత పెద్ద మంత్రమైనా గడగడా చదివే నాన్నగారికి ఆ ఒక్క మాట దగ్గర గొంతు పట్టేసేది. అమ్మకు అక్కడ గడ్డ తేలి ఆరు నెలలైనా మాకెవరికీ తెలియకపోవడానికి కారణం అదే. తిరువూరు నుంచి విజయవాడ ఆసుపత్రికి వెళ్తూ బస్సులో కూడా అమ్మ దాన్ని ‘అది’ అనే అంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు కాగితం ముందేసుకుని అడిగారు. “మీ వంశంలో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందామ్మా?”

“లేదండి,” అంది అమ్మ తడుముకోకుండా. ఆయన అదే రాసుకున్నారు.

తిరుగు బస్సు మైలవరం దాటాక, జామకాయ కొరుకుతూ అమ్మ మామూలుగా అంది. “మా అమ్మా దీంతోనే పోయింది. మా పెద్దక్కయ్యా అంతే.”

నాకు ఒళ్లు మండిపోయింది. “మరి డాక్టరుగారికి లేదని చెప్పావేం?”

“ఆయన అడిగింది మన వంశం. మా అమ్మది మన వంశం ఎట్లా అవుతుందే? మీ నాన్నగారి వైపు ఎవరికీ లేదు. అబద్ధమేమన్నా చెప్పానా?”

చెప్పలేదు. అదే నా ఏడుపు. పెళ్లితో గోత్రం మారింది కనుక పుట్టింటిదేదీ తన వెంట రాలేదని ఆమె నమ్మకం. ఊళ్లో సగం మంది ఆడపిల్లల గోత్రాలు మార్చింది మా నాన్నగారే. ఆ మంత్రాలు రక్తం దాకా వెళ్లవని ఇంట్లో ఒక మాట చెబితే ఆయన సొమ్మేం పోయిందో!

మళ్లీ వెళ్లినప్పుడు నేనే అంతా చెప్పేశాను. డాక్టరుగారు ‘లేదు’ కొట్టేసి, అమ్మ రక్తం బొంబాయి పంపిస్తే ఇది పుట్టుకతో వచ్చిందో కాదో తేలుతుందన్నారు. తేలితే నాకూ పరీక్ష చేసి, ముందే జాగ్రత్త పడవచ్చట. నాకు అప్పటికి రెండేళ్ల కూతురు. ఆ పిల్ల పెద్దదయ్యేదాకా నేనుంటానా అన్నది తప్ప నాకింకేమీ పట్టలేదు.

అమ్మ ససేమిరా అంది. “మా పుట్టింటివాళ్లు నాకు సరైన పట్టుచీరే పెట్టలేదు, జబ్బు పెడతారా?” అంది. నేను నవ్వాను, అరిచాను, చివరికి మాట్లాడటం మానేశాను. పదిహేను రోజుల తర్వాత చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

“ఆ కాగితంలో ఏం రాస్తారే? నీకు నేనే ఇచ్చానని రాస్తారా?”

 ఇన్నాళ్లూ మొండితనం అనుకుని దెబ్బలాడాను. అది భయమని తోచనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

“అట్లా రాయరమ్మా. ఉందో లేదో, అంతే.”

అమ్మ రక్తం ఇచ్చింది. నర్సు వివరాలు అడిగితే, ముప్పై ఐదేళ్లుగా వాడని పుట్టింటి ఇంటిపేరు చెప్పింది. “రక్తం వాళ్లది కదా, పేరూ వాళ్లదే ఉండనీ. మధ్యలో మీ నాన్నగారి పేరు పాడుచెయ్యడమెందుకు?” అంది. కేసు కాగితంలో ఒక పేరు, రక్తం సీసా మీద ఇంకో పేరు. అది సరిచేయించడానికి నాకు ఒక పూట పట్టింది.

కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. ఉంది.

ఆ తర్వాత నా వంతు. అమ్మతో పాటు మా అత్తగారు కూడా తోడొచ్చారు. ఎవరో కొత్త డాక్టరమ్మ ఫారం తీసి, “మీ వంశంలో ఎవరికైనా ఉందా?” అని అడిగింది.

పక్కనే అత్తగారు. అమ్మకు అన్ని పాఠాలు చెప్పిన నా నాలుక మడతపడింది. “మా వంశంలో అంటే...” అని నసిగాను.

వెనక బల్ల మీద నుంచి అమ్మ లేచి వచ్చింది.

“ఉందండి. మా అమ్మకి, మా అక్కయ్యకి, నాకు. రొమ్ములో. రాసుకోండి.”