మిద్దె మీద ఉర్లగడ్డలు

కువైట్ నుంచి వచ్చేసిన ఏడాది, వానలు తగ్గి చలి మొదలవుతున్న రోజుల్లో, ప్రొద్దుటూరులో మా ఇంటి మిద్దె మీద వరిగడ్డిలో ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, పెట్టాను. సేద్యం నాకు రాదు. చేతులు ఊరికే ఉండలేక పెట్టాను.

అక్కడ నేను కారు తోలిన ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లై వాళ్ల బండ్లు వాళ్లే తోలుకుంటున్నారు. నాతో అవసరం తీరిపోయింది. ఇంకో ఇంటికి వీసా తీస్తానని కడపలో ఒక ఏజెంటు మాట ఇచ్చాడు. "రేపో మాపో వచ్చేస్తాదన్నా, పెట్టె సర్దిపెట్టుకో" అనేవాడు ఎప్పుడు ఫోన్ చేసినా. ఆ రేపు కోసం ఎదురుచూస్తూ వీధి తలుపు నుంచి పెరటి గోడ దాకా, మళ్లీ వెనక్కి తిరిగేవాణ్ణి. నా కువైట్ సంపాదనతో లేచిన ఇల్లే అది. అయినా ఏ స్విచ్చు నొక్కితే ఏ లైటు వెలుగుతుందో నాకు తెలియదు. నా భార్యకు తెలుసు. పొద్దున్నే ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తదు. రవికెలు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు. నేను మిద్దె ఎక్కేసేవాణ్ణి.

ఒకరోజు వంటింట్లో బుట్ట అడుగున ఉర్లగడ్డలు మొలకలెత్తి ఉంటే ఆమె పారేయబోయింది. వద్దని ఆపాను. మన్ను తవ్వకుండా, పైన గడ్డి కప్పి వాటిని పండించడం అంతకుముందే ఫోన్లో చూసి ఉన్నాను.

"గడ్డిలో గడ్డలు యాడ కాస్తాయి మామా?" అంది.

"కాస్తాయంట. చూద్దాం."

"చూడు మరి. నీకు గూడా ఏదో ఒక పని కావాల."

మా అక్కను చెన్నూరులో ఇచ్చారు. బావకు పెన్న పక్కన వరి మడి ఉంది. గడ్డి కోసం పోతే, ఆయన గడ్డివామి దగ్గర నిలబడి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏమప్పా, బర్రెను తెచ్చుకున్నావా?"

"లేదు బావా. ఉర్లగడ్డలకు."

"ఉర్లగడ్డలు ఎప్పటి నుంచి గడ్డి మేస్తాండాయి?"

విడమర్చి చెప్పాను. నమ్మినట్టు లేడు గానీ మోపులు తనే కట్టి ఇచ్చాడు. వాటిని బస్సు ఎక్కించనని కండక్టరు చెప్పేశాడు. ఖాళీగా తిరిగి పోతున్న ఆటో ఒకటి ఆపుకుని, మోపుల మధ్య ఇరుక్కుని, మెడంతా దురద పెడుతుంటే ఇల్లు చేరాను.

మిద్దె మీద ఇటుకలు పేర్చి చిన్న మడిలా కట్టాను. అడుగున పేడ ఎరువు పలుచగా పరిచి, మొలక ఉండేలా కోసిన ముక్కలు ఎడంగా పెట్టి, పైన మోకాలెత్తు గడ్డి కప్పాను. నీళ్లు చల్లాను. అంతే, పని అయిపోయింది. నాకు అదే కష్టమైంది. నేను పని కోసం దిగితే, ఇదేమో గమ్మున కూర్చోమంటోంది. పొద్దున ఒకసారి, ఎండెక్కాక ఒకసారి పైకి పోయి గడ్డి ఎత్తి చూసేవాణ్ణి. మొక్కలు పచ్చగా పైకి లేచాక కూడా చేయి ఊరుకోలేదు. వెలుతురు తగిలితే గడ్డలు పచ్చబడి తినడానికి పనికిరావని తెలుసు. తెలిసీ ఎత్తేవాణ్ణి. చూసి కిందికి వచ్చి ఏజెంటుకు ఫోన్ చేసేవాణ్ణి.

అంతలో ముసురు పట్టింది. గడ్డి నీళ్లు తాగి బరువెక్కింది. మిషను ఉన్న గదిలో పైకప్పు మీద తడి మరక కనబడింది. సరిగ్గా దాని కింద ఎవరివో పట్టుగుడ్డలు కుట్టడానికి ఉన్నాయి. ఆమె నన్ను పిలిచి పైకి చూపించింది.

"నువ్వు కట్టించిన మిద్దెను నువ్వే నానబెడతాండావు."

"వాన నిలిచినాంక తీస్తాలే."

"నిలిచినాంక గాదు. ఇప్పుడే పా."

పాత గోతాలు చంకన పెట్టుకుని తనే ముందు మెట్లెక్కింది. మొక్కలను చుట్టూ ఉన్న గడ్డితో సహా ఎత్తి గోతాల్లోకి దించుతూ పోయాము. నేను తొందరపడి లాగి కొన్ని విరిచాను.

"లాగగాకు, కింది నుంచి చెయ్యి పెట్టు," అంటూ ఆమె ఒక మొక్క కింద చేయి దూర్చి ఆగిపోయింది. మెల్లగా గడ్డి జరిపింది. వేరుకు నిమ్మకాయంత గడ్డ, ఇంకా ముదరని పలుచని తోలుతో.

"నిజంగానే కాసిండాదే," అంది. వేలితో దాన్ని తడిమి మళ్లీ గడ్డి కప్పేసింది. నేను వచ్చాక మేమిద్దరం కలిసి ఒక పని చేయడం అదే మొదలు.

గోతాలను పెరటి గోడ వెంట ఎండ తగిలేచోట నిలబెట్టాము. అప్పటి నుంచి నీళ్లు తనే పోసేది. నన్ను గడ్డి ముట్టనిచ్చేది కాదు.

ఆకులు పసుపు తిరుగుతుండగా ఏజెంటే ఫోన్ చేశాడు. వీసా వచ్చిందని, వారంలో బయలుదేరాలని. ఇన్నాళ్లూ నేను అడుగుతూ వచ్చింది ఆ మాటే. తీరా వచ్చాక వెంటనే సరే అనలేకపోయాను. సాయంత్రం లోపల చెబుతానన్నాను.

నా భార్యకు చెప్పాను. ఆమె పెరట్లోకి పోయి గోతాలు వంచి కుమ్మరించడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని గడ్డిలో వెతికాను. కోడిగుడ్డంతవి కొన్ని, గోలీలంతవి చాలా. నేను ఎత్తి ఎత్తి చూసినవి పచ్చబడి ఉంటే ఏరి పారేసింది. మిగిలినవి ఒక పూట కూరకు వస్తాయి.

"ఏం చేద్దామంటావు?" అని అడిగాను.

"నన్నడగొద్దు మామా. పోతే పో, ఉంటే ఉండు. ఏదో ఒకటి ఈపొద్దే చెప్పు. నువ్వు ఆడ ఉన్నన్నాళ్లు ఎప్పుడొస్తావో అని చూసినా. వచ్చినాంక ఎప్పుడు పోతావో అని చూస్తాండా. శానా విసుగొచ్చింది నాకు."

గొంతు పెంచలేదు. కొంగుకు అంటుకున్న గడ్డిపోచలు ఒక్కొక్కటే తీసుకుంటోంది. ఆ ఇంట్లో కాలు నిలవనిది నాకొక్కడికే అనుకుంటూ వచ్చాను. మిషను ముందు ఆమె అంతసేపు కదలకుండా కూర్చోవడం చూసి, కుదురుగా ఉందనుకున్నాను.

ఏజెంటుకు రానని చెప్పాను. "ఇట్లాంటి ఇల్లు మళ్లా దొరకదన్నా" అన్నాడు. నిజమే కావచ్చు. ఉర్లగడ్డలను ఆమె తోలు తీయకుండానే ఎర్రకారం వేసి వేయించింది. సంగటిలోకి తిన్నాము. బాగానే ఉన్నాయి, కొంచెం గడ్డి వాసన వచ్చింది.

ఇప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య ఒక చిన్న లారీ తోలుతున్నాను. అరటి గెలల కాలంలో పులివెందుల దాకా పోతాను. మంచి పనే చేశానని కొన్ని రోజులు అనిపిస్తుంది, కొన్ని రోజులు అనిపించదు. రైలు గేటు పడితే మిగతా డ్రైవర్లు దిగి టీ తాగుతారు. నేను మాత్రం స్టీరింగు పట్టుకుని, ఇంజను ఆపకుండా కూర్చుంటాను.