తగ్గిన కిలోలు, తగ్గని మోకాళ్లు: గోపన్‌పల్లి నుంచి రాయదుర్గం

సన్నబడిన మనిషి కనిపిస్తే చాలు, “అబ్బ, ఎంత తగ్గారు!” అంటారు మీరు. ఆ తర్వాత ఆ మనిషి నోరు మూయించేదీ మీరే. మీ చప్పట్ల మధ్య నిలబడి “నాకు నొప్పిగా ఉంది” అని ఎవరైనా ఎలా చెబుతారు?

ఎనిమిది నెలల కింద బరువు తగ్గడానికి కడుపుకి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నాను. నలభై ఒక్క కిలోలు పోయాయి. మూడు నెలలుగా మోకాళ్లు, తుంటి, నడుము, చివరికి వేళ్ల కణుపులు కూడా సలుపుతున్నాయి. ఆపరేషన్ అయినవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ మాట రాస్తే ఒకరు “పాజిటివ్‌గా ఆలోచించండి మేడమ్” అన్నారు, ఇంకొకరు కండలు తిరిగిన చెయ్యి బొమ్మ పెట్టారు. మళ్లీ రాయలేదు. ఆఫీసులో చెప్పే దారి లేదు. అక్కడ వాకింగ్ చేసి తగ్గానని చెప్పుకున్నాను మరి. ఎవరి ఒళ్లు వారిది, దాన్ని చూసి సిగ్గుపడకండి అని ఇరవై ఏళ్లు వ్యాసాలు రాసిన నేనే! నా మాట నమ్మి పక్క సీటు సునీత రోజూ పొద్దున్నే నడుస్తోంది. పోయిన శుక్రవారం మందుల షాపులో నొప్పి మాత్రల పట్టీ కొన్నాను. అడగకుండా అలాంటివి వేసుకోవద్దని డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా ఉంది. నాలుగు రాత్రులు ఆ పట్టీని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. మింగడమో, డాక్టరుకు చెప్పడమో తేల్చుకుందామని మంగళవారం బయల్దేరాను.

గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎనిమిదీ ఇరవైకి ఆటో ఎక్కాను. రాయదుర్గానికి రెండు వందల ఇరవై. నడిపే మల్లేశ్ ఇంతకుముందు కూడా నన్ను తీసుకెళ్లినవాడే. నేను ఎక్కడానికి పడుతున్న తంటాలు అద్దంలో చూశాడు.

“ఏంది మేడమ్, కాలు గట్ల గుంజుతున్నరు?”

“మోకాళ్లు.”

“గీ సీటు జర గట్టిగుంటది. ఇగో, గిది ఏసుకోండ్రి,” అంటూ మెడలోని తువ్వాలు మడిచి ఇచ్చాడు.

మొహమాటపడకుండా వేసుకుని కూర్చున్నాను. కొవ్వు పోయాక ఏ కుర్చీలో కూర్చున్నా ముందు ఎముకే ఆనుతుంది. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. యూనివర్సిటీ గోడ వెంట స్పీడ్ బ్రేకర్లను అతను ఒక్కొక్కటే నెమ్మదిగా దాటించాడు. రాయదుర్గం చేరేసరికి తొమ్మిదీ పది.

ఆస్పత్రి రోడ్డుకు అవతలి వైపు. “యూటర్న్ దాక పోయి రావాల్నంటె అరగంట. మీ ఇష్టం,” అన్నాడు మల్లేశ్. దిగి మెట్రో స్టేషన్ మీదుగా దాటాను. అవతల అద్దాల మేడలు, వాటి ముందు చెట్లు, చెట్ల చుట్టూ గ్రానైట్ గట్లు. మనిషి కూర్చోడానికి ఒక్క బల్ల లేదు. ఒక గట్టు మీద కూలబడ్డాను. సెక్యూరిటీ గార్డు వచ్చాడు, యాభై దాటిన మనిషి.

“అమ్మా, జర లేవుండ్రి. గీడ కూసోవద్దు.”

“ఎందుకు కూర్చోకూడదు? ఈ గట్టు ఎవడబ్బ సొమ్ము?”

“నాదైతె కాదమ్మా,” అని నవ్వాడు. “నా కుర్చీ గూడ తీసేసిన్రు. పన్నెండు గంటలు నిలవడే డ్యూటీ. మీరు కెమెరాల పడ్తె నన్నంటరు.”

లేవబోయాను. అతను కెమెరాకూ నాకూ మధ్యకు వచ్చి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. “రెండు నిమిషాలు కూసోండ్రి.”

ఆస్పత్రి కంప్యూటర్లో ‘వెంట వచ్చినవారి పేరు’ అని ఒక గడి ఉంది. ఎవరూ రాలేదన్నాను. “ఏదో ఒక పేరు చెప్పండి మేడమ్, ఖాళీగా వదిలితే సిస్టమ్ తీసుకోవట్లేదు,” అంది రిసెప్షన్ అమ్మాయి. నా ఫోన్లో ఆరు వందల పేర్లున్నాయి. మల్లేశ్ అని చెప్పాను.

తూకం కాగితం చూడగానే డాక్టరు మొహం విప్పారింది. “సూపర్! చాలా బాగా తగ్గారండీ.”

“తగ్గలేదు.”

“అదేంటండీ, నలభై ఒక్క కిలోలు...”

“నొప్పి తగ్గలేదు. అది వినేదాకా ఇక్కడి నుంచి లేవను.” పట్టీ తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన పెన్ను పక్కన పెట్టారు. “ఇవి వేసుకున్నారా?”

“ఇంకా లేదు.”

“బతికించారు. మీకు చేసిన ఆపరేషన్‌కి ఇవి పడవండి, లోపల పుండ్లు పడొచ్చు. కాల్షియం, విటమిన్లు రోజూ వేసుకుంటున్నారా?”

నా గొంతు అక్కడ తగ్గింది. నాలుగో నెలలోనే ఆపేశాను. ఒక మధ్యాహ్నం డబ్బా తీస్తే సునీత “ఏం మాత్రలండీ అవి?” అని అడిగింది. నడిచి సన్నబడ్డ మనిషికి అన్ని మాత్రలెందుకు? ఆ రోజు నుంచి డబ్బా డ్రాయర్లోనే ఉండిపోయింది.

ఆయన తిట్టలేదు. “లోపం ఉందేమో రక్తపరీక్షలో చూద్దాం. లేకపోతే కీళ్ల డాక్టరుకి చూపిద్దాం. ఈలోగా నొప్పికి మీకు పడేది రాసిస్తాను,” అన్నారు. నా పట్టీ అక్కడే వదిలేసి వచ్చాను.

ఒంటిగంటకు మల్లేశ్‌కే ఫోన్ చేశాను. ఆటో వచ్చేసరికి తువ్వాలు సీటు మీద మడిచి ఉంది.

“ఏమాయె మేడమ్, జర తగ్గుతదన్నరా?”

“నలభై ఒక్క కిలోలు తగ్గాను,” అన్నాను అలవాటుగా.

“కిలోలు ఎవలడిగిన్రు? మోకాళ్లు!”

“అవింకా తగ్గలేదు,” అని ఒప్పుకున్నాను, వాదనలో ఎవరికీ తగ్గని నేను.

ధర తగ్గినా, జ్వరం తగ్గినా, మనిషి తగ్గినా మనకు మాట ఒకటే. అందుకే కాబోలు, బరువు తగ్గితే అన్నీ తగ్గినట్టే అనుకుంటారు మీరు. తప్పంతా మీదేనని రాద్దామనుకున్నాను. డ్రాయర్లో దాగిన డబ్బా మాత్రం నాది. ఇంటికొచ్చాక సునీతకు మెసేజ్ పెట్టాను: “నడక కాదు, ఆపరేషన్. రేపు అన్నీ చెప్తాను.” చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఇది రాసేటప్పటికి ఇంకా జవాబు లేదు.

ఇలాంటి నొప్పులతో ఇదే దారిన వెళ్లేవారికి ఒక సలహా: వేసుకుంటున్నవీ, ఆపేసినవీ, కొని దాచుకున్నవీ, మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు కుమ్మరించండి.

నా డిమాండ్లు ఇవి.

అద్దాల మేడల ముందు కూర్చోడానికి బల్లలు వేయండి.

ఆ గార్డు కుర్చీ అతనికి తిరిగి ఇవ్వండి.

ఆపరేషన్‌కు ముందే నొప్పుల గురించీ, ఆపకూడని మాత్రల గురించీ తెలుగులో చెప్పండి.

‘వెంట ఎవరూ రాలేదు’ అని కూడా ఒక గడి పెట్టండి.

సన్నబడ్డవాళ్లను చూసి చప్పట్లు కొట్టడం ఆపండి.

“నొప్పి తగ్గిందా?” అని అడగండి. అడిగాక, జవాబు వినేదాకా ఉండండి.